కంప్యూటరు మారింది సరే, బ్యాకప్ నడుస్తున్నదా?

పాల సంఘానికి లెక్కే ప్రాణం. సభ్యుడు పోసిన పాలు రెండు మూడు గంటలు తిరిగేసరికి ఊరు దాటి శీతలీకరణ కేంద్రానికి చేరుతాయి. ఆ తరువాత ఆ పాలకు ఊళ్ళో మిగిలే సాక్ష్యం లెక్క ఒక్కటే. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత, ధర ఎంత అనే నాలుగు అంకెలే సభ్యుని డబ్బు. పదిహేను రోజుల బిల్లు, ఏడాది చివర బోనసు, ఉపనిబంధనల ప్రకారం ఓటు హక్కుకు చూసే పాల రోజుల లెక్క, ఇవన్నీ ఆ అంకెల మీదనే నిలబడి ఉన్నాయి.

మేము సహకార డిప్లొమా చదివిన రోజులలో నేర్చుకున్నది చిట్టా, ఆవర్జా, సేకరణ రిజిస్టరు. కంప్యూటరు విద్య మాకు ఉద్యోగంలో పడి నేర్చుకున్నదే. ఆ నేర్చుకోవడంలో మేము చేసిన ఒక పొరపాటును ముందుగా చెప్పి, దాని నుండి సంఘాలు గ్రహించవలసిన విషయాలను వివరిస్తాము.

ఒక సంఘంలో జరిగినది

విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టానికి, అనగా కంప్యూటరును నడిపించే మూల వ్యవస్థకు, తయారీదారులు ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందువల్ల అనేక సంఘాలు విండోస్ 11కు మారినవి. మా తనిఖీ పరిధిలోని ఒక సంఘం కూడా మారింది. పని చేసిన మెకానిక్కు పాల సేకరణ ప్రోగ్రామును మళ్ళీ కొత్తగా ఎక్కించి, లెక్కల ఫైళ్ళను డి డ్రైవులో కొత్త ఫోల్డరులో పెట్టాడు. బ్యాకప్ ప్రోగ్రాము మాత్రం పాతదే. అది ప్రతి రోజూ సి డ్రైవులోని పాత ఫోల్డరును నమ్మకంగా నకలు తీస్తూ వచ్చింది. పని పూర్తి అయినట్లు తెర మీద ఆకుపచ్చ గుర్తు కూడా చూపిస్తూ వచ్చింది. ఆ పాత ఫోల్డరులో కొత్త లెక్క ఒక్కటీ పడటం లేదని ఎవరూ గమనించలేదు.

మేము తనిఖీకి వెళ్ళిన రోజున బ్యాకప్ సంగతి అడిగాము. కార్యదర్శి ఆకుపచ్చ గుర్తు చూపించారు. మేము ఆ గుర్తును చూసి "బ్యాకప్ సక్రమముగా ఉన్నది" అని నివేదికలో వ్రాశాము. ఫైలు తెరిచి చూడలేదు. అది మా తప్పు.

రెండు నెలల తరువాత డిస్కు పాడైపోయింది. బ్యాకప్ తెరిస్తే చివరి లెక్క కంప్యూటరు మార్చిన రోజుది. చెల్లించిన బిల్లులకు అచ్చు వేసిన పట్టీలు, బ్యాంకు జాబితాలు ఉన్నాయి కనుక వాటికి ఇబ్బంది రాలేదు. ఇంకా చెల్లించని బిల్లులోని 11 రోజుల లెక్క మాత్రం మాయమైంది. ట్రక్ షీట్ల వల్ల ఊరి మొత్తం పాలు తెలిశాయి గాని, ఎవరివి ఎన్ని అన్నది తెలియలేదు. సభ్యులను చీటీలు తెమ్మన్నారు. కొందరు దాచలేదు. దాచిన వారిలోనూ పొయ్యి దగ్గర పెట్టిన చీటీలు నల్లబడినవి, ఎండ తగిలినవి వెలిసిపోయినవి. వేడితో అచ్చుపడే కాగితం స్వభావమే అది.

చీటీ లేని వారికి గత బిల్లు సగటు ప్రకారం ఇవ్వాలని పాలకవర్గం తీర్మానించింది. చాలామందికి అది సరిపోయింది. ఒక మహిళా సభ్యురాలికి మాత్రం అన్యాయం జరిగింది. గత బిల్లులో ఆమె గేదె వట్టిపోయి ఉన్నది. ఈని, జున్నుపాల రోజులు గడిచి, రెండు పూటలా పాలు పోయడం మొదలుపెట్టింది సరిగ్గా ఆ 11 రోజులలోనే. సగటు వేస్తే ఆమెకు వచ్చేది సున్న. "నేను పోసిన పాలు మిషన్ మరిచిపోతే నాదా తప్పు?" అని ఆమె అడిగిన ప్రశ్నకు మా వద్ద జవాబు లేదు. చివరకు వరుసలో ఆమె వెనుక నిలబడే సభ్యులు, పాలు కొలిచే సహాయకుడు చెప్పిన దానిని బట్టి ఒక మొత్తం నిర్ణయించి ఇచ్చారు. అయినా అది జ్ఞాపకం మీద వేసిన లెక్కే గాని, కొలత మీద వేసిన లెక్క కాదు.

బ్యాకప్ అంటే తోడు

మన ఇళ్ళలో ప్రతి రాత్రి పాలు తోడు పెట్టే ముందు కొంచెం పెరుగు వేరే గిన్నెలో తీసి ఉంచుతారు. కుండలోని పెరుగు పాడైనా, గిన్నెలోని తోడుతో మర్నాడు మళ్ళీ పెరుగు చేసుకోవచ్చు. బ్యాకప్ అటువంటిదే. లెక్కల నకలును వేరొక చోట తీసి ఉంచడమే బ్యాకప్.

అయితే తోడు గిన్నె ఉన్నంత మాత్రాన చాలదు. అందులోనిది ఏనాటిది, అది తోడుకుంటుందా అన్నది చూసుకోవాలి. నాలుగు నెలల నాటి తోడు ఉన్నా లేనట్టే. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే: కంప్యూటరు మారిన తరువాత బ్యాకప్‌ను తిరిగి తీసి, తెరిచి, అంకెలు సరిచూడనంత వరకు బ్యాకప్ ఉన్నట్టు లెక్కించకూడదు.

అనుమానం రాగానే మొదటి పని

బ్యాకప్ నడవడం లేదని తెలియగానే ప్రోగ్రామును తీసివేసి మళ్ళీ ఎక్కించడానికి తొందరపడవద్దు. ముందు పాల సేకరణ ప్రోగ్రామును మూసివేసి, లెక్కలున్న ఫోల్డరు మొత్తాన్ని చేతితో ఒక పెన్ డ్రైవులోకి నకలు తీయండి. ఆ ఫోల్డరు ఎక్కడ ఉన్నదో తెలియకపోతే ప్రోగ్రాము అమ్మిన వారిని అడిగి తెలుసుకొని, ఆ చిరునామాను తనిఖీ పుస్తకంలో వ్రాసి ఉంచండి. ప్రోగ్రాములోనే "బ్యాకప్" అనే మీట ఉంటే దాని ద్వారా కూడా ఒకటి తీయండి. పాత బ్యాకప్ ఫైళ్ళను చెరపవద్దు. ఇంత చేసిన తరువాతనే లోపం వెదకడం మొదలుపెట్టాలి.

ఐదు ప్రశ్నలు

లోపాన్ని వెదకడానికి ఈ ఐదు ప్రశ్నలను వరుసగా వేసుకుంటే చాలావరకు కారణం దొరుకుతుంది.

1. అసలు నడిచిందా?

తనంతట తాను నడిచే బ్యాకప్పులు చాలావరకు విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్ అనే పనుల పట్టిక మీద ఆధారపడతాయి. దానిని తెరిస్తే ఆ పని చివరిసారి ఏ తేదీన, ఏ గంటకు నడిచిందో, ఫలితమేమో కనిపిస్తుంది. మన సంఘాలలో సామాన్యంగా కనిపించే లోపం ఒకటి ఉన్నది. బ్యాకప్ వేళ అర్ధరాత్రికి పెట్టి ఉంటుంది. సాయంత్రం పాలు ముగియగానే కంప్యూటరును ఆపివేస్తారు. ఇక అది నడిచేది ఎప్పుడు? వేళను సాయంత్రం సేకరణ ముగిసే సమయానికి మార్చాలి. తప్పిపోయిన పనిని వీలైనంత త్వరలో నడపమనే గడిలో కూడా టిక్కు పెట్టాలి. లాప్‌టాప్ అయితే మరొక చిక్కు ఉన్నది. కరెంటు ఉన్నప్పుడే పని మొదలుపెట్టమనే షరతు అందులో ముందుగానే పెట్టి ఉంటుంది. సాయంత్రం కరెంటు పోయే ఊళ్ళలో ఈ షరతు తీసివేయడం మంచిది.

2. ఎవరి పేరు మీద నడుస్తున్నది?

ప్రతి పనికి ఒక ఖాతా పేరు, దాని పాస్‌వర్డు ఉంటాయి. కంప్యూటరు మార్చినప్పుడు ఖాతా గాని, పాస్‌వర్డు గాని మారితే పాత పని ఆగిపోతుంది. రోజూ నాలుగంకెల పిన్‌తో తెరిచే కార్యదర్శులు పాస్‌వర్డునే మరచిపోవడం మేము చూశాము. పిన్ వేరు, పాస్‌వర్డు వేరు. పనుల పట్టిక పిన్‌ను అంగీకరించదు. సరైన పాస్‌వర్డు మళ్ళీ ఇస్తే పని సాగుతుంది.

3. ఎక్కడి నుండి తీస్తున్నది?

పైన చెప్పిన సంఘంలో దెబ్బతిన్నది ఇక్కడే. బ్యాకప్ ప్రోగ్రాములో వ్రాసి ఉన్న ఫోల్డరు, పాల ప్రోగ్రాము నిజంగా వాడుతున్న ఫోల్డరు ఒకటేనా అని చూడాలి. లెక్కలు "డాక్యుమెంట్స్"లో ఉండే చోట మరొక ప్రమాదం ఉన్నది. విండోస్ 11లో వన్‌డ్రైవ్ బ్యాకప్‌ను ఒప్పుకుంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ అనే వేరే ఫోల్డరులోకి మారతాయి. పాత చిరునామాకు వెళ్ళే బ్యాకప్‌కు అక్కడ ఏమీ దొరకదు.

"విండోస్ బ్యాకప్ పెట్టాము కదా" అని కొందరు ధైర్యంగా ఉంటున్నారు. విండోస్ 11లో ఆ పేరుతో ఉన్న ప్రోగ్రాము ప్రధానంగా ఆ ఇంటి ఫోల్డర్లను, కంప్యూటరు అమరికలను మాత్రమే వన్‌డ్రైవ్‌కు పంపుతుంది. సి డ్రైవులో గాని డి డ్రైవులో గాని విడిగా ఉన్న పాల లెక్కల ఫోల్డరు అందులో చేరదు. పైగా అక్కడ ఉచితంగా ఇచ్చే చోటు 5 జి.బి. మాత్రమే. అది నిండితే నకలు పోవడం ఆగుతుంది.

4. ఎక్కడికి పంపుతున్నది?

పెన్ డ్రైవులకు, బయట తగిలించే డిస్కులకు విండోస్ ఒక అక్షరం ఇస్తుంది. మార్పుకు ముందు 'ఇ'గా ఉన్నది తరువాత 'ఎఫ్' కావచ్చు. బ్యాకప్ ఇంకా 'ఇ' కోసమే వెదుకుతూ విఫలమవుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత అక్షరాన్ని తిరిగి ఇవ్వవచ్చు, లేదా బ్యాకప్‌లో కొత్త చిరునామా వ్రాయవచ్చు.

చోటు ఖాళీగా ఉన్నా "చాలదు" అని వస్తే, పెన్ డ్రైవు ఏ పద్ధతిలో అమర్చినదో చూడండి. ఫ్యాట్ 32 పద్ధతిలో ఒక్కొక్క ఫైలు 4 జి.బి.కి మించకూడదు. కంప్యూటరు మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసే బ్యాకప్ అందులో ఇమడదు. ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతికి మార్చుకోవాలి. అలా మార్చే ఫార్మాట్‌లో అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కనుక, ముందు దానిలోని ఫైళ్ళను వేరే చోట భద్రపరచాలి.

5. ఎవరు అడ్డుపడుతున్నారు?

విండోస్ భద్రతలో, తెలియని ప్రోగ్రాములు ముఖ్యమైన ఫోల్డర్లలో మార్పులు చేయకుండా ఆపే ఏర్పాటు ఒకటి ఉన్నది. దానిని ఎవరైనా ఆన్ చేసి ఉంటే, అది బ్యాకప్‌ను కూడా దొంగగా భావించి ఆపవచ్చు. భద్రతను మొత్తం తీసివేయవద్దు. బ్యాకప్ ప్రోగ్రాము పేరును మాత్రం అనుమతి జాబితాలో చేర్చండి.

"వాల్యూమ్ షాడో కాపీ" అనే పేరుతో తప్పు చూపితే దాని అర్థం ఇది. వాడకంలో ఉన్న ఫైలును, ఆ క్షణానికి ఉన్నది ఉన్నట్టుగా పట్టి ఇచ్చే సేవ విండోస్‌లో ఉన్నది. ఆ సేవకు ఆటంకం కలిగిందన్నమాట. పాల ప్రోగ్రామును మూసి, కంప్యూటరును ఒకసారి ఆపి మళ్ళీ తెరిచి ప్రయత్నించండి. రెండు కంపెనీల బ్యాకప్ ప్రోగ్రాములు ఒకే కంప్యూటరులో ఉంటే ఒకదానితో ఒకటి పేచీ పడవచ్చు. ఒకదానినే ఉంచుకోండి.

పాత ప్రోగ్రాము కొత్త విండోస్‌కు పనికివస్తుందా?

ఐదు ప్రశ్నలకూ జవాబు సరిగానే ఉండి పని జరగకపోతే, బ్యాకప్ ప్రోగ్రామే పాతదని గ్రహించాలి. డిస్కును లోతుగా చదివే ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టం లోపలి భాగాలతో కలిసి పనిచేస్తాయి. ఆ భాగాలు మారితే ప్రోగ్రాము కూడా మారాలి. విండోస్ 11కు తగిన కూర్పు ఉన్నదా అని అమ్మిన వారిని అడగండి. దానితోపాటు ఇంకొక ప్రశ్న తప్పక వేయండి: కొత్త కూర్పు మా పాత బ్యాకప్ ఫైళ్ళను తెరవగలదా?

ఈ ప్రశ్నకు కారణం ఉన్నది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన బ్యాకప్ ప్రోగ్రామును తరువాత వచ్చిన విండోస్ విస్టాలో తొలగించారు. ఎక్స్‌పీలో తీసిన బ్యాకప్‌లను కొత్త కంప్యూటరులో తెరవడానికి విడిగా మరొక సాధనం తెచ్చుకోవలసి వచ్చింది.

ఇంకా పాతకాలపు డాస్ ప్రోగ్రాములలో లెక్కలు ఉంచిన సంఘాలు మరింత జాగ్రత్త పడాలి. విండోస్ 11లో 32 బిట్ కూర్పు లేదు, 64 బిట్ కూర్పే ఉన్నది. డాస్ ప్రోగ్రాములు అందులో నేరుగా నడవవు. ఫైళ్ళు భద్రంగా ఉన్నా తెరిచే ప్రోగ్రాము లేకపోతే తాళంచెవి పోయిన బీరువా వంటిదే. అటువంటి సంఘాలు సభ్యుల వారీ పాత లెక్కలను కాగితం మీద అచ్చు వేసి బైండు చేయించి, ఆ తరువాతనే పాత కంప్యూటరును వదులుకోవాలి.

తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నది?

విండోస్ 11లో డిస్కు మొత్తానికి రహస్య తాళం వేసే ఏర్పాటు ఉన్నది. 2024లో వచ్చిన కూర్పును కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిస్తే, చాలా కంప్యూటర్లలో ఈ తాళం తనంతట తానే పడుతుంది. యంత్రం చెడి డిస్కును మరొక కంప్యూటరుకు తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ, ఏ ఖాతాతో కంప్యూటరు తెరిచారో ఆ ఖాతాలో ఉంటుంది. అది మెకానిక్కు స్వంత ఖాతా అయితే సంఘం లెక్కలకు తాళంచెవి అతని జేబులో ఉన్నట్టే. కనుక సంఘం పేరుతో ఖాతా పెట్టుకోవాలి. ఆ కీని అచ్చు వేసి, సీలు కవరులో ఇనుప బీరువాలో ఉంచాలి. కార్యదర్శి మారినప్పుడు చార్జి జాబితాలో దీనిని కూడా చేర్చాలి.

తిరిగి తీసి చూడడం ఎలా?

లోపం సరిచేసిన తరువాత పరీక్ష చేయాలి. పద్ధతి కష్టమైనది కాదు. బ్యాకప్‌ను వేరే కంప్యూటరులో తెరవాలి. అది లేకపోతే అదే కంప్యూటరులో వేరే ఫోల్డరులో తెరవాలి. ఎట్టి పరిస్థితిలోను నడుస్తున్న లెక్కల మీదనే తెచ్చి పోయరాదు. అలా పోస్తే ఈనాటి లెక్క చెరిగి పాత లెక్క నిలుస్తుంది.

తరువాత నిన్నటి సాయంత్రం పూట తీసుకొని, బ్యాకప్‌లోని మొత్తం లీటర్లను ట్రక్ షీటు దగ్గర వ్రాసుకున్న సేకరణ మొత్తంతో సరిచూడండి. ఏవైనా ఐదుగురు సభ్యుల నంబర్లు ఎంచి, వారి చీటీలలోని లీటర్లు, వెన్న శాతం, సొమ్ము సరిపోయినవా చూడండి. సరిపోతే తేదీ వేసి, అధ్యక్షులు, కార్యదర్శి సంతకాలు చేయాలి. ఇది నెలకు ఒకసారి, కంప్యూటరు మార్చినప్పుడెల్లా మరొకసారి జరగాలి.

ఇంకా మారని సంఘాలకు

మార్చే ముందు రోజు పూర్తి బ్యాకప్ రెండు చోట్ల తీయండి. బిల్లు చెల్లింపు పూర్తి అయిన మర్నాడు మార్చడం ఉత్తమం. బిల్లు మధ్యలో మార్చకండి. పాత యంత్రం మీదనే విండోస్ 11 ఎక్కించినట్లయితే వెనుకకు పోయే వీలు సాధారణంగా 10 రోజులే ఉంటుంది. కనుక బ్యాకప్ పరీక్షను ఆ పది రోజులలోపు ముగించాలి. ఆ పది రోజులు పూటకు ఒక పట్టీ చొప్పున అచ్చు వేసి ఫైలు చేయండి.

ఎల్లప్పుడూ మూడు నకళ్ళు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి సంఘ భవనం బయట ఉండాలన్నది కంప్యూటరు నిపుణులు చెప్పే నియమం. ఒకటి కంప్యూటరులో, ఒకటి బయటి డిస్కులో, ఒకటి అధ్యక్షుల ఇంట్లో పెన్ డ్రైవులో. పని కాగానే పెన్ డ్రైవును ఊడదీసి ఉంచాలి. తగిలించే ఉంచితే కంప్యూటరుకు సోకిన వైరసు దానికీ సోకుతుంది.

సభ్యులు అడగవలసినది

ఇది కార్యదర్శి పని, మాకెందుకు అని సభ్యులు అనుకోరాదు. యంత్రం పాడైన రోజున కార్యదర్శి జీతం పోదు, సభ్యుని పాల డబ్బే పోతుంది. సర్వసభ్య సమావేశంలో ఈ మూడు ప్రశ్నలు అడగండి. చివరి బ్యాకప్ ఏ తేదీది? దానిని తెరిచి సరిచూసినది ఎవరు, ఎప్పుడు? సంఘ భవనం బయట నకలు ఎక్కడ ఉన్నది? జవాబుతోపాటు సంతకాల పుస్తకం చూపమని అడగడానికి మొగమాటపడవద్దు. బిల్లు చేతికి వచ్చేవరకు మీ చీటీలను పొయ్యికి, ఎండకు దూరంగా దాచండి. వీలైతే పాసుపుస్తకంలో వ్రాయించుకోండి.

ప్రపంచ బ్యాకప్ దినం అని 2011 నుండి ఒకటి పాటిస్తున్నారు. అది మార్చి 31. మన సంఘాల లెక్కల సంవత్సరం ముగిసే రోజు కూడా అదే. ఆ రోజున నిలవ సొమ్ము లెక్కపెట్టి సంతకం చేసినట్లే, బ్యాకప్‌ను కూడా తెరిచి చూసి సంతకం చేయాలని పాలకవర్గాలను కోరుతున్నాము. మా వంతుగా, ఆనాటి నుండి మేము ఏ సంఘానికి వెళ్ళినా ఆకుపచ్చ గుర్తును చూసి నివేదిక వ్రాయడం మానివేశాము. ఫైలు తెరిపించి, ట్రక్ షీటుతో సరిచూసి, ఆ తరువాతనే సంతకం చేస్తున్నాము. మేము అడిగినప్పుడు కార్యదర్శులు విసుగు చెందకుండా సహకరించవలసిందిగా మనవి.